పేరు లేని కథకుడు - దాసరి సుబ్రహ్మణ్యం

1954వ సంవత్సరమున చందమామ పత్రికలో ఒక క్రొత్త ధారావాహిక ఆరంభమైనది. ఆకాశమున తోకచుక్క కనిపించినది. కుండలినీ ద్వీపవాసులు అరిష్టము దాపురించినదని భయపడినారు. సమరసేనుడను సేనాని కొందరు సైనికులను వెంటబెట్టుకొని ఓడలపై దూరసముద్రములకు బయలుదేరినాడు. పిమ్మట ఆ కథలోనికి ఒంటికంటి మాంత్రికుడు ఏకాక్షి వచ్చినాడు. వానికి ప్రత్యర్థిగా నాలుగు కన్నుల చతుర్నేత్రుడు వచ్చినాడు. ఒకనికి కాలభుజంగము, రెండవవానికి గుడ్లగూబయు నరవానరమును సేవకులు. నెల నెలా ఈ కథకొరకు ఎదురు చూచిన బాలురు తాతలైన పిమ్మట సైతము ఆ పేర్లను తడుముకొనకుండ చెప్పగలిగినారు. సమరసేనుడు ఏ ప్రమాదమునుండి ఎట్లు బయటపడినాడో చెప్పగలిగినారు. అయితే ఆ కథ వ్రాసినవారెవరని అడిగినచో మాత్రము వారిలో నూటికి తొంబదిమంది మౌనము వహించెడివారు. వారి తప్పు కాదు. ఆ పేరు పత్రికలో అచ్చు కాలేదు.

ఆ కథకుడు దాసరి సుబ్రహ్మణ్యంగారు. తోకచుక్క ఆరంభమగునాటికి ఆయనకు ఇరువదియొక్క ఏండ్లు.

ఆయన 1932 అక్టోబరు 25న గుంటూరు జిల్లాలో జన్మించినారు. బాల్యమున ఆయనపై అందరికంటె ఎక్కువ ప్రభావము చూపినవారు అన్నగారు ఈశ్వరప్రభు. ఆయన హేతువాది, రచయిత. దైవభీతిని, శకునములను, మంత్రతంత్రములను ప్రశ్నింపక విడువని ఇంటిలో తమ్ముడు పెరిగినాడు. ఆనాటి కృష్ణా గుంటూరు మండలములలో ఇట్టి వాతావరణము అపూర్వమేమియు కాదు. త్రిపురనేని రామస్వామిచౌదరి రచనలు, గోరా నాస్తికోద్యమము, కమ్యూనిస్టు పార్టీ సభలు, పల్లెలలోని గ్రంథాలయములు కలిసి ఒక తరమును తీర్చిదిద్దినవి. సుబ్రహ్మణ్యంగారు ఆ తరమువారు. జీవితాంతము హేతువాదిగనే నిలిచినారు. ఈ సంగతిని పాఠకుడు గుర్తుంచుకొనవలెను. ఏలననగా ఈ హేతువాదియే తెలుగు పిల్లల కలలలోనికి ఇంతమంది మాంత్రికులను పంపినవాడు.

1952లో ఆయన మద్రాసు చేరి చందమామ సంపాదకవర్గములో ప్రవేశించినారు. బి. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 1947 జులైలో ఆరంభించిన ఆ పత్రిక అప్పటికే తెలుగు, తమిళముల హద్దులు దాటి ఇతర భాషలలోనికి విస్తరించుచున్నది. ఆ యేడే కొడవటిగంటి కుటుంబరావుగారును పత్రికలో చేరినారు. సంపాదకునిగా అచ్చులో కనిపించు పేరు వేరైనను, 1980లో కన్నుమూయువరకు చందమామ భాషకు, అభిరుచికి కాపుగాచినవారు కుటుంబరావుగారే. ఆ గొప్ప రచయిత ప్రక్క బల్లవద్ద కూర్చుండి పని నేర్చుకొను అదృష్టము సుబ్రహ్మణ్యంగారికి ఇరువది యెనిమిదేండ్లు లభించినది. పాఠకులు పంపిన కథలను చదువుట, పనికివచ్చిన వానిని సరిదిద్దుట, నేల విడిచి సాము చేసిన వాక్యమును నేలపైకి దింపుట - ఇది నిత్యకృత్యము. ధారావాహిక రచన ఆ ఉద్యోగములో ఒక భాగము. జీతమునకు వ్రాసిన వ్రాతయే. కాని జీతమునకు వ్రాసినదంతయు చప్పగా ఉండవలెనను నియమము లేదు గదా.

ఆ కాలమునాటి మద్రాసును కూడ కొంత తలచుకొనవలెను. ఆ నాగిరెడ్డి చక్రపాణిగార్ల విజయా సంస్థయే 1951లో పాతాళభైరవి చిత్రమును విడుదల చేసినది. తోటరాముని సాహసము, నేపాళ మాంత్రికుని కుటిలత్వము తెలుగుదేశమంతట ఇంటింటి ముచ్చటయైనవి. పింగళి నాగేంద్రరావుగారి మాటలు, కె.వి. రెడ్డిగారి దర్శకత్వము, ఎస్.వి. రంగారావుగారి అభినయము కలిసి, మాంత్రికుడనగా భయపెట్టువాడు మాత్రమే కాదు, ముచ్చట గొలుపువాడు కూడ అని నిరూపించినవి. ప్రజల చెవి జానపద కథకు అలవాటుపడి ఉన్నది. ఆ నేలలో విత్తనము వేయుట సులువే. అయితే చిత్రము మూడు గంటలలో ముగియును. పిల్లవానిని నెలకు కొన్ని పుటల చొప్పున ఏడాదికి పైగా వెంట నడిపించుట వేరు విద్య.

ఆ విద్య ఎట్టిదో చూడవలెను. ప్రతి నెలయు కథకు ముందు జరిగిన కథ క్లుప్తముగా ఉండెడిది. క్రొత్తగా పత్రిక కొన్న బాలుడు సైతము వెనుకబడరాదు. తరువాత కథ నేరుగా ప్రమాదములో మొదలగును. వర్ణనలు లేవు, ఉపదేశములు లేవు. ఒక గండము గడచునంతలో మరియొక గండము తల యెత్తును. తుది వాక్యమునకు వచ్చునప్పటికి పొదలు కదలును, లేదా చీకటిలో ఏదో వికటముగా నవ్వును, లేదా కాలిక్రింది నేల కుంగును. అంతటితో ఆ నెల సరి. ముప్పది దినముల నిరీక్షణ. ఈ ఆపుటలోని నేర్పు సామాన్యమైనది కాదు. ఎక్కువ అలవాటైనచో పిల్లలు మోసము కనిపెట్టుదురు, తక్కువైనచో మరచిపోవుదురు. సుబ్రహ్మణ్యంగారి ప్రకరణములలో చివరి ప్రమాదము తరువాతి నెల మొదటి వాక్యములో కల్లయై తేలిపోదు. అది నిజమైన ప్రమాదముగనే ఉండి, నాయకుడు ఏదో ఒక పని చేసినందువలననే తప్పును. పిల్లలు ఆయనను నమ్ముటకు ఇదియే కారణము.

కథకు సగము ప్రాణము బొమ్మలలో ఉన్నది. వాటిని గీసినవారు చిత్ర అను పేరుతో ప్రసిద్ధులైన టి.వి. రాఘవన్‌గారు. భారీ శరీరములు, కోరలు, జడలు, విచిత్రమైన ఖడ్గములు, శిథిలములైన గోపురములు, ఎలుగుబంటి ముఖముగల మనుష్యులు - అక్షరములో నాలుగు మాటలుగా ఉన్నదానిని ఆయన కన్నులకు కట్టినారు. 1978లో ఆయన మరణించువరకు ఈ ధారావాహికలకు ఆయన కుంచెయే రూపము. ఇక్కడ ఒక చిన్న వింత ఉన్నది. బొమ్మ క్రింద చిత్రగారి పేరున్నది. మరియొక పుటలో శంకర్‌గారి సంతకమున్నది. ముఖచిత్రముపై వడ్డాది పాపయ్యగారి వపా ఉన్నది. పాఠకులు పంపిన కథలకు పలుమార్లు వారి పేర్లున్నవి. పత్రికకు వెన్నెముకవంటి ధారావాహికకు మాత్రము కర్త లేడు. కుటుంబరావుగారు తిరిగి చెప్పిన పురాణకథలకును ఇదే గతి. ఇంటివారికి విస్తరిలో చివరి వరుస అన్నట్లు, సంపాదకవర్గమువారు తమ పేర్లు వేసికొనరాదని ఆ సంస్థ సంప్రదాయము. బహుశః చందమామయే అందరికి కథ చెప్పు అవ్వ కావలెనని, నడుమ మరియొకరు కనిపించరాదని వారి తలంపు కావచ్చును. తలంపు మంచిదే. కాని దాని మూల్యమును చెల్లించినది కథకుడు.

తోకచుక్క తరువాత మకరదేవత వచ్చినది. పిదప ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము, రాతిరథము, యక్షపర్వతము, మాయాసరోవరము, భల్లూక మాంత్రికుడు. మొత్తము పన్నెండు. 1954లో మొదలైన ఈ వరుస ఇంచుమించు పాతికేండ్లు నడచినది. ఈ పేర్లను వరుసగా చదివినచో ఒక సంగతి తోచకమానదు. లోయ, కోట, ద్వీపము, దుర్గము, పర్వతము, సరోవరము - సగమునకు పైగా కథలకు మనుష్యుని పేరు కాక స్థలము పేరున్నది. ఆ స్థలమును చేరుటయే కథ. ఇది సాహసకథకు మూలసూత్రము. స్టీవెన్‌సన్ 1883లో గ్రంథముగా వెలువరించిన ట్రెజర్ ఐలండ్‌కును, రైడర్ హాగర్డ్ 1885లో ప్రకటించిన కింగ్ సాలమన్స్ మైన్స్‌కును ఇదియే సూత్రము. సుబ్రహ్మణ్యంగారు ఆ సూత్రమును తెలుగు అడవులలో, తెలుగు పేర్లతో నడిపినారు.

తొలినాళ్ల కథలలో నాయకుడు ఒంటరి. తోకచుక్కలో సమరసేనుడు సేనానియే కాని భారమంతయు అతని భుజముపైననే ఉన్నది. కంచుకోటలో చంద్రవర్మ, జ్వాలాద్వీపములో చిత్రసేనుడు అట్టివారే. చంద్రవర్మను శంఖు మాంత్రికుడు, కాపాలిని నడుమ పెట్టిన తీరు చక్కగా ఉన్నది గాని, అతడు తనలో తానే ఆలోచించుకొనవలసి వచ్చుచున్నది. ఆలోచన పిల్లలకు చూపుట కష్టము. రాకాసిలోయలో కేశవుడు, జయమల్లు బ్రహ్మదండి మాంత్రికునితో తలపడిననాటి నుండి కథ క్రమముగా మారినది. పాతాళదుర్గములో ధూమకుడు, సోమకుడు. శిథిలాలయములో శిఖిముఖి, విక్రమకేసరి. రాతిరథములో ఖడ్గవర్మ, జీవదత్తుడు. వారు యక్షపర్వతములో కూడ కొనసాగినారు. మాయాసరోవరములో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఇద్దరు స్నేహితులు కలిసి నడచు కథ సుబ్రహ్మణ్యంగారి పరిణతదశకు గుర్తు.

జంట అనగా ఒకే అచ్చులో పోసిన రెండు బొమ్మలు కావు. ఖడ్గవర్మకు చేయి ముందు, ఆలోచన వెనుక. జీవదత్తునికి ఆలోచన ముందు. ఒకడు కత్తి దూయునప్పుడు రెండవవాడు ప్రశ్న వేయును. శిఖిముఖి అడవిలో పుట్టిన శబరుడు. ఆకు కదలికలో అర్థము చదువగలడు. విక్రమకేసరి నాగరికుడు, అడవి యతనికి పరాయిది. వారి స్నేహములో ఎవరు ఎవరికి గురువో పలుమార్లు చెప్పలేము. అడవివానిని నగరవాని సేవకునిగా చూపుట సులభమైన మార్గము. ఆ దారి పట్టక శబర యువకుని కథకు కేంద్రముగా నిలిపినందున శిథిలాలయము పన్నెండింటిలోను మిన్నయని చెప్పవచ్చును. సిద్ధసాధకుని సంగతి వేరు. అతడు సాధకుడనుకొని భయపడినవారు కొన్ని పుటలలోనే నవ్వుకొందురు. వయస్సుతోపాటు రచయితలో హాస్యము పెరిగినది. తొలి కథలలో చీకటి చిక్కగా ఉన్నది. తుది కథలలో చీకటిలో సైతము ఎవరో ఒకరు మాట జారుదురు.

ఇట్టి కథలపై ఆ రోజులలో పెద్దలకు ఒక ఆక్షేపణ ఉండెడిది. మంత్రములు, భూతములు, బలులు - ఇవి పసిహృదయములో మూఢవిశ్వాసమును నాటవా యని. ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. స్వాతంత్ర్యము వచ్చిన క్రొత్తలో పిల్లలకు శాస్త్రదృష్టి అలవరుపవలెనని దేశమంతయు తలచిన కాలమది. ఇక రచయిత స్వయముగా హేతువాది. నమ్మని దానిని పిల్లలకు ఎట్లు చెప్పినారు? పొట్టకూటికి తన విశ్వాసమును దాచుకొన్నారా?

ఈ ప్రశ్నకు జవాబు ఆయన జీవితములో వెదకినచో దొరకదు, కథలలో ఉన్నది. ఆయన మాంత్రికులను ఒకరి తరువాత ఒకరిని పరికించి చూడవలెను. వారు లోకమును ఏలదగిన శక్తి గలవారు. అయినను ఒక ధనరాశికొరకో, ఒక ఆయుధముకొరకో, ఒక సమాధిలోని వస్తువుకొరకో కుక్కలవలె కొట్టుకొందురు. ఏకాక్షి చతుర్నేత్రుని నమ్మడు. చతుర్నేత్రుడు ఏకాక్షిని నమ్మడు. ఇద్దరికిని సామాన్యుడైన సమరసేనుని తోడు కావలెను. మంత్రము చేయలేని పనిని మనుష్యుని ధైర్యము చేయగలదని వారే ఒప్పుకొనుచున్నట్లు లెక్క. శక్తి ఎంత గొప్పదైనను దానికి హద్దులుండును. ఆ హద్దు ఎక్కడనో కనిపెట్టుటయే నాయకుని పని. మంత్రదండము చేతిలో ఉన్నంతవరకే మాంత్రికుడు, చేజారినచో ముసలివాడు. దేవతలు ప్రత్యక్షమై చిక్కు విప్పుట ఈ కథలలో అరుదు. నాయకుడు నోచిన నోములు, పూర్వజన్మ సుకృతములు అతనిని కాపాడవు. అతడు చూచును, ఊహించును, పరీక్షించును, పొరపడును, మరల ప్రయత్నించును. మంత్రలోకములో ఉన్నది పేరుకే మంత్రము, నడిపించునది బుద్ధి. గుంటూరు జిల్లాలో అన్నగారినుండి నేర్చిన పాఠమును సుబ్రహ్మణ్యంగారు మాంత్రికుల నోటనే చెప్పించినారనుట అతిశయోక్తి కాదు. శాస్త్రపాఠముగా చెప్పియుండినచో ఎంతమంది పిల్లలు నెల నెలా కాచుకొని ఉందురు?

ఈ సామగ్రియంతయు ఆయన ఎచటనుండి తెచ్చుకొన్నారు? ఒక్కచోటినుండి కాదు. కథాసరిత్సాగరములో విద్యాధరులు, భేతాళులు, సముద్రయానములు ఉన్నవి. తెలుగున మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు ఉన్నవి. కాశీకి నడచుచు మణిసిద్ధుడు గోపకుమారునికి మజిలీ మజిలీకి కథ చెప్పు ఆ పద్ధతి ధారావాహికకు తెలుగులో పెద్దన్నవంటిది. మూడవది అరేబియా కథల సంపద. ముగ్గురు మాంత్రికులులోని పింగళుడు చేపలు పట్టుకొని బ్రతుకువాడు. అన్నలవలన అగచాట్లు పడినవాడు. మహామాయుని సమాధిలోని వస్తువులకై మాంత్రికుల వెంట వెళ్లినవాడు. వేయిన్నొక్క రాత్రులలో జూదర్ అను జాలరి కథ తెలిసినవారు పింగళుని వెంటనే గుర్తుపట్టుదురు. అనుకరణమని దీనిని చిన్నచూపు చూడనక్కరలేదు. జూదర్ కథ విషాదముగా ముగియును. అన్నలే అతనిని చంపుదురు. పింగళుడు తెలుగు గడ్డపై అడుగుపెట్టిన వెంటనే వాని నడక మారినది, మాట మారినది.

ఈ మూడవ మూలమును తలచుకొన్నప్పుడు తెలుగువారి రాజధానిలోనే ఉన్న మరియొక కథాలోకము జ్ఞప్తికి రాకమానదు. హైదరాబాదు పాతనగరములో యాకుత్‌పురా ఉన్నది. యాకూత్ అనగా అరబ్బీ, పారసీ భాషలలో కెంపు. పేరులోనే సాహసకథలోని నిధి మెరయుచున్న ఆ పేటలోను, దాని చుట్టుప్రక్కలను ఉర్దూ ఇంటిభాష. ఉర్దూలో దాస్తానులని దీర్ఘకథలు కలవు. అమీర్ హంజా సాహసములు, హాతిమ్ తాయి యేడు ప్రశ్నలు, 19వ శతాబ్ది తుదిభాగమున లక్నోలో నవల్ కిశోర్ ముద్రాలయము సంపుటములుగా ప్రకటించిన తిలిస్మే హోష్‌రుబా - అన్నిటను కట్టుకథకే ఒక శాస్త్రమున్నట్లు తోచును. తిలిస్మ్ అనగా మాంత్రికుడు మాయచే కట్టిన లోకము. దానికి ద్వారము ఉండును, నియమము ఉండును, దానిని భగ్నము చేయు కీలకము ఎక్కడనో దాగి ఉండును. వీరుని ప్రక్కన అయ్యారు అను మాయలమారి నేస్తము ఒకడుండి, కత్తికి సాధ్యము కానిదానిని యుక్తితో సాధించును. యాకుత్‌పురాలో ఒక ముసలి తాత ఒడిలో ఇట్టి కథలు విని పెరిగిన బాలుని చేతికి ఎవరైన హిందీ చందమామ నిచ్చినచో, రాకాసిలోయలోనో మాయాసరోవరములోనో వానికి దారి తప్పదు. అయ్యారును వాడు సిద్ధసాధకునిలో గుర్తుపట్టును. దాస్తాను చెప్పువారికి ఆ నగరములో పేరుండెడిది, సభ ఉండెడిది, వాహ్ అని మెచ్చుకొను శ్రోతలుండెడివారు. మద్రాసులో బల్లవద్ద కూర్చుండి అదే వృత్తి సాగించిన సుబ్రహ్మణ్యంగారికి శ్రోతలు లక్షలు. వాహ్ అను మాట మాత్రము చెవిని పడలేదు.

హిందీ చందమామ మాట వచ్చినది గనుక భాషను గూర్చి చెప్పవలసియున్నది. తెలుగున వ్రాసిన ధారావాహిక తమిళము, హిందీ, కన్నడము మొదలగు భాషలలోనికి పోవలెను. ఆ బొమ్మలే అన్నిటికిని. కనుక శ్లేష పనికిరాదు, ఏ ఒక్క మండలపు పలుకుబడియు పనికిరాదు, సమాసము బరువెక్కరాదు. పాత్రల పేర్లు సంస్కృతమునుండి తీసికొన్నవగుటకు కారణము కొంత ఇదియే అనిపించును. చతుర్నేత్రుడన్నచో ఏ భారతీయభాషలోనైన నాలుగు కన్నులే. అయినను వాక్యము తెలుగు వాక్యము. చిన్నది, నేరుగా పోవునది, పండితుడు తప్పు పట్టలేనిది, బడి మొగము చూచి రెండేండ్లైన పిల్లవాడు సైతము కూడబలుక్కొని చదువగలిగినది. ఇట్టి వాక్యము వ్రాయుట ఎంత కష్టమో వ్రాయ యత్నించినవారికే తెలియును. తెలుగు దేశములో ఒక తరము చదువ నేర్చినది పెద్దబాలశిక్ష వలన కాగా, రెండవ తరము చదువుట రుచి మరగినది ఈ వాక్యముల వలన. కళాశాలలలో బాలసాహిత్యమునకు చోటు తక్కువ; ఉన్నచోట గేయములకు చోటు, సాహసకథకు లేదు. అది వేరు సంగతి.

లోపములు లేవని కాదు. నెల నెలా వ్రాసిన కథకు ఉండు బలహీనత ఈ కథలన్నిటను కొంత ఉన్నది. నడుమ కథ దారి మరచి అడవిలో తిరుగును. ఒక రాక్షసుడు పోయినచో మరియొకడు సిద్ధము. మొదట బయలుదేరిన కార్యము ఏదో పాఠకుడు వెనుకకు తిరిగి చూచుకొనవలసి వచ్చును. ముగింపులు తరచు తొందరపడును. స్త్రీ పాత్రలు మిక్కిలి తక్కువ. రాజకుమార్తె అపహరింపబడుటకో స్వయంవరమునకో వచ్చునంతే. కంచుకోటలోని కాపాలిని వంటివారు అపవాదములు. ఆడపిల్లలు సైతము ఈ కథలను అంతే ఆత్రముతో చదివినారు. వారికి తమవంటి సాహసి ఒకతె దొరకకపోవుట లోటే. శబర యువకుని గౌరవించిన కలమే వేరొకచోట అడవిజాతులను నరభక్షకులుగా చూపుటయు కద్దు. ఆనాటి సాహసకథలన్నిటను, ఆంగ్లములో మరింత ఎక్కువగా ఉన్న మచ్చ ఇది.

డెబ్బదవ దశకమున యక్షపర్వతము ముగిసిన పిమ్మట కొంతకాలము చందమామ ఆ స్థానమున వంగ నవలల అనుసరణలను ప్రకటించినది. రాజులు, నవాబులు, ప్రేమలు, త్యాగములు ఉన్నవి, మాంత్రికులు లేరు. 1976లో మాయాసరోవరముతో సుబ్రహ్మణ్యంగారు మరల వచ్చినారు. ఆ కథలో మకరకేతువు, జలగ్రహము వంటి వింతలు విరివిగా ఉన్నవి. ఆగిన కలము కసి తీర్చుకొన్నట్లు తోచును. ఇంతకు ముందే బొమ్మరిల్లు పత్రికకు ఆయన మృత్యులోయ వ్రాసినారు. చందమామకు వెలుపల ఆయన వ్రాసిన సాహసకథలలో అది ప్రసిద్ధమైనది.

భల్లూక మాంత్రికునితో ఆ వరుస నిలిచినది. చిత్రగారు 1978లో, కుటుంబరావుగారు 1980లో వెళ్లిపోయినారు. చక్రపాణిగారు 1975లోనే కన్నుమూసినారు. చందమామలో పాత ధారావాహికలు మరల అచ్చగుట ఆరంభమైనది. క్రొత్త తరపు పిల్లలు తోకచుక్కను క్రొత్త కథగనే చదివినారు. వారి తండ్రులు ప్రక్కనుండి తొంగిచూచి ముందేమి జరుగునో చెప్పబోయి తిట్లు తిన్నారు. ఆ కాలమంతయు కథకుడు అదే కార్యాలయములో అదే పనిలో ఉన్నారు. తన కథలు రెండవమారు అచ్చగుచుండగా చూచినారు. పేరు అప్పుడును లేదు. నలుబదియేడేండ్ల వయస్సులో, పన్నెండు కథల అనుభవముతో, చేయి బాగుగ తిరిగిన దశలో ఒక రచయిత కలము దాదాపు ఆగిపోవుట సామాన్యమైన నష్టము కాదు. పాతవి ఉండగా క్రొత్తవి ఎందుకను లెక్క ఒక పత్రికకు లాభసాటియే కావచ్చును. పదమూడవ ధారావాహిక ఏ లోయలో, ఏ ద్వీపములో జరిగియుండెడిదో ఎన్నడును తెలియదు.

1998లో కార్మిక వివాదములవలన చందమామ ఆగినది. 1999 తుదిలో మరల వెలువడినది. సుబ్రహ్మణ్యంగారు అప్పుడును పత్రికలో ఉన్నారు. 2006లో, చేరిన యేబదినాలుగేండ్లకు, అనారోగ్యము పైబడగా ఉద్యోగము విడిచి విజయవాడ చేరినారు. మరుసటి యేడు పత్రిక చేతులు మారి ముంబాయి సంస్థ ఒకదానిదైనది.

సరిగా ఆ దినములలోనే ఒక అపూర్వమైన సంగతి జరిగినది. బాల్యములో చందమామ చదివి పెద్దలై, ఇంజనీర్లు, వైద్యులు, ఉపాధ్యాయులై, దేశవిదేశములలో స్థిరపడినవారు పాత సంచికలకొరకు వెదకసాగినారు. అటకలపై నుండి, పాత పుస్తకముల దుకాణములనుండి ఒక్కొక్క సంచికయే సేకరించి కంప్యూటరులలో భద్రపరచినారు. తమ బాల్యమును నింపిన ఆ మాంత్రికులను ఎవరు సృష్టించినారని అప్పుడు మొదటిమారు గట్టిగా అడిగినారు. జవాబు దొరికినది. ఆ కథకుడు విజయవాడలో ఉన్నాడని తెలిసి నరసిన తలలతో వెళ్లి చూచినవారును కలరు. ఐదు దశాబ్దములు ఆలస్యముగానైనను వాహ్ అను మాట ఆయన చెవిని పడినది.

2010 జనవరి 27న ఆయన విజయవాడలో మరణించినారు. తరువాత ఆయన కథలు, నవలలు గ్రంథములుగా వెలువడినవి; మృత్యులోయ ముఖపత్రముపై దాసరి సుబ్రహ్మణ్యం అను పేరు అచ్చయినది. చందమామ మాత్రము 2013 నాటికి నిలిచిపోయినది. పాత సంచికలు ఇప్పటికిని చేతులు మారుచున్నవి. కొని తెచ్చుకొన్న వారిలో కొందరు 1954 నాటి పుటను తెరచి, తోకచుక్క అను శీర్షిక ప్రక్కన సిరాతో ఆ పేరును వ్రాసికొనుచున్నారు.